పిల్లల గొంతులూ, ఒక్క బాసూ: ఎస్.ఎస్. వెస్లీ కథీడ్రల్ కొలువు

ఇంగ్లండ్‌కు పడమట, వేల్స్ సరిహద్దుకు దగ్గర్లో హెరిఫర్డ్ అనే చిన్న ఊరు. 1830ల మొదట్లో ఒక ఈస్టర్ ఆదివారం. చర్చికి అంతకంటే పెద్ద పండుగ లేదు. అయినా అక్కడి పెద్ద చర్చిలో, అంటే బిషప్ పీఠం ఉన్న కథీడ్రల్‌లో ఆ రోజు పాడటానికి మిగిలింది ఎవరయ్యా అంటే బాలగాయకులు, వాళ్ళతో పాటు ఒకే ఒక్క బాస్, అంటే కింది స్థాయిలో పాడే మగ గొంతు. ఆ ఒక్కడూ కథీడ్రల్ పెద్ద అయిన డీన్ గారి ఇంట్లో బట్లరేనని చెప్పుకుంటారు. మిగతా పెద్ద గాయకులంతా అక్కడి ఆనవాయితీ ప్రకారం పాదిరీలు కూడా. పండుగపూట ఎవరి పల్లె చర్చిలో వాళ్ళు ఆరాధన నడిపించుకోవాలి. అందుకని ఏటా అదే రోజున కథీడ్రల్ కొయిర్, అంటే గాయక బృందం, సగం ఖాళీ.

ఆ లోటుకు సరిపోయేలా ఇరవై నాలుగేళ్ళయినా నిండని ఆర్గనిస్టు, అంటే గొట్టాల్లోంచి గాలితో పలికే ఆర్గాన్ వాయించేవాడు, ఒక ఆంథెం కట్టాడు. ఆంథెం అంటే ఆరాధన మధ్యలో కొయిర్ పాడే పెద్ద పాట, మాటలు ఎక్కువగా బైబిల్‌వే. ఆ ఆర్గనిస్టు పేరు శామ్యూల్ సెబాస్టియన్ వెస్లీ. ఆ పాట, ‘బ్లెస్డ్ బీ ద గాడ్ అండ్ ఫాదర్’, ఇంగ్లిష్ కథీడ్రళ్ళలో నేటికీ పాడుతున్నారు.

వెస్లీ అన్న పేరు తెలుగువాళ్ళకు కొత్త కాదు. సికింద్రాబాద్‌లో ఆ పేరుతో చర్చి ఉంది, కాలేజీ ఉంది. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చిని కట్టించింది వెస్లియన్ మిషన్ వాళ్ళే. ఆ మిషన్‌కు పేరిచ్చిన జాన్ వెస్లీ ఇంగ్లండ్ చర్చిలో పుట్టి తర్వాత వేరైన మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడు. ఆయన తమ్ముడు చార్లెస్ వేల కీర్తనలు రాసిన కవి. చార్లెస్ కొడుకు శామ్యూల్ చిన్నప్పుడే అబ్బురపరిచిన సంగీతకారుడు, పెరిగాక ఇంగ్లండ్‌లో జర్మన్ స్వరకర్త జొహాన్ సెబాస్టియన్ బాఖ్ సంగీతానికి జెండా పట్టినవాళ్ళలో ముఖ్యుడు. కొడుక్కి సెబాస్టియన్ అని పేరు పెట్టింది ఆ బాఖ్ మీది భక్తితోనే.

ఆ కొడుకు 1810 ఆగస్టు 14న లండన్‌లో పుట్టాడు. తల్లి సారా సూటర్ ఆ ఇంట్లో పనికి కుదిరిన అమ్మాయి. శామ్యూల్ భార్యను వదిలి ఆమెతో కాపురం పెట్టాడు, పెళ్ళి మాత్రం జరగలేదు. ఇంటిపేరు చూస్తే ఆధ్యాత్మిక వంశం, పుట్టుక చూస్తే లోకం వేలెత్తి చూపేది. ఈ రెంటి మధ్య పెరిగిన పిల్లవాడికి మాట పడే ఓపిక తక్కువైందంటే ఆశ్చర్యం లేదు. చిన్నతనంలోనే రాజుగారి చాపెల్ రాయల్‌లో బాలగాయకుడిగా చేరాడు. 1832లో హెరిఫర్డ్ కథీడ్రల్‌లో ఆర్గనిస్టు ఉద్యోగం దొరికింది.

ఆ ఉద్యోగం ఎలాంటిదో తెలియకపోతే వెస్లీ కోపం అర్థం కాదు. కథీడ్రల్ పెత్తనమంతా డీన్‌దీ, కేనన్లు అనే పెద్ద పాదిరీలదీ. వాళ్ళందరినీ కలిపి చాప్టర్ అంటారు. ఏ రోజు ఏ పాట పాడాలో తేల్చేది ప్రీసెంటర్. ఆయనా పాదిరీయే, సంగీతం తెలిసి తీరాలన్న నియమం లేదు. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, రోజూ రెండు ఆరాధనలు. పిల్లలకు పాట నేర్పడం, ఆర్గాన్ వాయించడం ఆర్గనిస్టు పని. ఏం పాడాలన్నది ఆయన చేతిలో లేదు. పాడే పెద్దవాళ్ళను పెట్టడం, తీసేయడం కూడా ఆయన చేతిలో లేదు. చాలాచోట్ల ఆ గాయకులవి జీవితకాలపు కొలువులు, గొంతు పోయినా కుర్చీ పోదు. జీతం చాలక ఆర్గనిస్టులు ఊళ్ళో కలిగినవాళ్ళ ఆడపిల్లలకు పియానో పాఠాలు చెప్పి బతికేవారు. పని తెలిసినవాడు కింద, తెలియనివాడు పైన. వెస్లీ జీవితమంతా చేసిన ఫిర్యాదు ఇదొక్కటే.

అయితే ఫిర్యాదుల కంటే ముందు ఆ ఈస్టర్ పాటను దగ్గరగా చూడాలి. చాలీచాలని బృందం ఆ పాట నడకను ఎలా మలిచిందో అందులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మాటలు పేతురు మొదటి పత్రికలోవి. మగ గొంతుల భాగాలు చాలావరకు ఒకే వరుసలో, మాట్లాడుతున్నట్టుగా నడుస్తాయి. అక్కడ నాలుగు గొంతుల అల్లిక కనబడదు. ఒక్క బాస్ ఉన్నప్పుడు రాయగలిగింది అదే. పాట నడుమ భాగం మొత్తం పిల్లలది. ఒక పిల్లవాడు ఒంటరిగా ‘ఒకరినొకరు ప్రేమించుడి’ అన్న మాట ఎత్తుకుంటాడు, మిగతా పిల్లలు అందుకుని బదులిస్తారు. పెద్ద కొయిర్ చేతిలో ఉండి ఉంటే ఇంత పలచని, ఇంత లేత భాగాన్ని ఎవరైనా అంతసేపు నడిపేవారా అన్నది అనుమానమే.

ఆ తర్వాత మగ గొంతు మళ్ళీ వస్తుంది. ‘సర్వశరీరులు గడ్డిని పోలినవారు’ అంటుంది. గడ్డి ఎండుతుంది, పువ్వు రాలుతుంది, గొంతు కిందికి దిగి సన్నగిలుతుంది. సరిగ్గా అక్కడ ఆర్గాన్ ఉన్న బలమంతా కూడదీసుకుని ఒకే ఒక్క స్వరగుచ్ఛాన్ని విసురుతుంది. అది నిలకడలేని స్వరగుచ్ఛం, తర్వాత ఏదో రావాలని చెవి ఎదురుచూసేలా చేస్తుంది. మొదటిసారి విన్నవాళ్ళు కూర్చున్నచోట ఉలిక్కిపడతారు. ఆ ఊపులోనే అందరూ కలిసి ‘అయితే ప్రభువు వాక్యము ఎల్లప్పుడును నిలుచును’ అని అందుకుంటారు. కొయిర్‌లో మనుషులు లేని రోజున, ఆ మనుషుల బరువును ఆర్గాన్ మోసింది. ఇబ్బందిలోంచి పుట్టిన ఉపాయమే పాటకు ఆయువుపట్టు అయింది.

అదే హెరిఫర్డ్‌లో, 1832 చివర్లో, బాగుచేసిన ఆర్గాన్‌ను తిరిగి వాడుకలోకి తెచ్చిన సందర్భానికి ‘ద వైల్డర్నెస్’ అనే మరో పెద్ద ఆంథెం రాశాడు. ‘అరణ్యమును ఎండిన భూమియు సంతోషించును’ అన్న యెషయా మాటలకు కట్టినది. ఆర్గాన్ పాదాల మెట్లకు విడిగా పని కల్పించడం, స్వరాలను దూరదూరాలకు నడిపించి వెనక్కి తేవడం అప్పటి ఇంగ్లిష్ చర్చి చెవులకు కొత్త. మరుసటేడు దాన్ని గ్రెషమ్ బహుమతి పోటీకి పంపాడు. పాత కథీడ్రల్ శైలిని కాపాడటానికి పెట్టిన పోటీ అది. బహుమతి రాలేదు. తెలివైన రచనే గానీ ఇది కథీడ్రల్ సంగీతం కాదన్నది న్యాయనిర్ణేతల్లో ఒకరి తీర్పు. వందేళ్ళ కిందటి పద్ధతిలో రాసినవాళ్ళకే మెడల్ దక్కే రోజుల్లో ఆ తీర్పు రావడం సహజం. వెస్లీ మాత్రం దాన్ని కడదాకా మరిచిపోలేదు.

1835లో హెరిఫర్డ్ డీన్ గారి చెల్లెలు మేరీ ఆన్ మెరివెదర్‌ను పెళ్ళాడి, అదే ఏడాది ఎక్సెటర్‌కు మారాడు. యజమాని ఇంటి అల్లుడయ్యాక కొలువు మారడమే మంచిదనుకున్నాడేమో. ఎక్సెటర్‌లో ఉండగా 1839లో ఆక్స్‌ఫర్డ్ డాక్టరేట్ వచ్చింది. చాప్టర్‌తో పొరపొచ్చాలు కూడా అక్కడే ముదిరాయి. బాలగాయకుల మీద చేయి చేసుకున్నాడని 1840లో పంచాయితీ అయింది. ఆ ఏడే ఒక్కగానొక్క కూతురు పసితనంలోనే పోయింది. ‘వాష్ మీ త్రూలీ’ అనే చిన్న ఆంథెం ఇంచుమించు ఆ కాలానిదే. నాలుగైదు నిమిషాల పాట. ‘నా దోషము పోవునట్లు నన్ను బాగుగా కడుగుము’ అని అడుగుతూ స్వరం అరమెట్టు అరమెట్టుగా జారుతుంది. చర్చి కోసం రాసిందైనా అందులో ఒక మనిషి ఒంటరి గొంతే వినిపిస్తుంది.

1842లో లీడ్స్‌కు వెళ్ళాడు. అది కథీడ్రల్ కూడా కాదు, మగ్గాలూ పొగగొట్టాలూ పెరుగుతున్న పారిశ్రామిక పట్నంలో పారిష్ చర్చి, అంటే ఆ ప్రాంతపు జనం చర్చి. అక్కడి వికార్, అంటే పెద్ద పాదిరీ, వాల్టర్ ఫార్క్వర్ హుక్ చర్చిని కొత్తగా కట్టించి, కథీడ్రల్ స్థాయి కొయిర్ కావాలని పట్టుబట్టి, ఏడాదికి 200 పౌండ్లు పదేళ్ళ పాటు ఇప్పిస్తానని హామీ ఇచ్చి పిలిపించాడు. అరకొర కొయిర్లతో విసిగినవాడికి రోజూ తీరుగా పాడే బృందం దొరికింది. మార్టిన్ కావుడ్ అనే అక్కడి ఇనుప కార్ఖానాదారు ప్రోత్సాహంతో ‘E మేజర్’ శ్రుతిలో ఆరాధన సంగీతం పూర్తి చేసి 1845లో అచ్చువేయించాడు. దాని ముందుమాటలోనే కథీడ్రళ్ళ మీద కత్తి దూశాడు.

లీడ్స్‌లో ఉండగానే ఒక ప్రమాదం. వెస్లీకి సంగీతం తర్వాత ఏదైనా ఇష్టమంటే చేపలు పట్టడమే. ట్రౌట్ చేపలున్న ఏరు దగ్గరుంటేనే ఉద్యోగానికి ఒప్పుకునేవాడని వెక్కిరించేవాళ్ళు ఉండేవారు. 1847 డిసెంబరులో యార్క్‌షైర్‌లోని హెల్మ్స్‌లీ దగ్గర రై నదికి గాలం వేయడానికి పోయి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఊళ్ళోని బ్లాక్ స్వాన్ సత్రంలో నెలల తరబడి మంచం పట్టాడు. ఆ రోజుల్లో రాసింది ‘కాస్ట్ మీ నాట్ అవే’. 51వ కీర్తన మాటలు, ఆరు గొంతులు, పాత పద్ధతి నేత. ‘నీవు విరిచిన యెముకలు’ అన్నచోటికి వచ్చేసరికి పక్కపక్క స్వరాలు ఒకదాన్నొకటి రాసుకుని నొప్పి పెడతాయి. కాలు విరిగినవాడు ఆ వాక్యాన్ని ఎంచుకోవడం కాకతాళీయమని నమ్మడం కష్టం. మూల వాక్యం చివర ఆ ఎముకలు హర్షించాలి. వెస్లీ వాటిని హర్షింపజేశాడు గానీ తొందరపడలేదు.

1849లో వచ్చింది అసలు బాంబు. కథీడ్రల్ సంగీతం మీద కొన్ని మాటలు, సంస్కరణకు ఒక ప్రణాళిక అన్న అర్థం వచ్చే పేరుతో చిన్న పుస్తకం అచ్చువేశాడు. దీని వెనక ఒక సందర్భం ఉంది. 1840లో వచ్చిన చట్టం కథీడ్రళ్ళలో కేనన్ల సంఖ్యను కుదించి, మిగిలిన రాబడిని కొత్త పారిష్‌ల వైపు మళ్ళించింది. చర్చి ఆస్తి ఎవరికి, ఎంత అన్న వాదన దేశమంతా నడుస్తున్న కాలం. సంగీతం వాటా ఏదని అడిగింది వెస్లీ. ప్రతి కథీడ్రల్‌లోనూ కనీసం 12 మంది పెద్ద గాయకులుండాలి, వాళ్ళు పగలంతా దుకాణాల్లో పనిచేసి సాయంత్రం పరిగెత్తుకొచ్చే పరిస్థితి పోవాలి, ఆర్గనిస్టుకు ఏడాదికి 500 నుంచి 800 పౌండ్లు ఇవ్వాలి, చర్చి సంగీతం నేర్పడానికి ప్రత్యేక కళాశాల పెట్టాలి. ఇవీ అడిగినవి. లీడ్స్‌లో హామీగా వచ్చిన 200 పౌండ్ల పక్కన పెట్టి చూస్తే ఆ అంకె ఎంత పెద్దదో తెలుస్తుంది.

వాదనలో పస ఉంది. పన్నెండు మంది ఎందుకు? కొయిర్ రెండు పక్షాలుగా ఎదురెదురుగా కూర్చుంటుంది. ఒక్కో పక్షంలో ఆల్టో (పై స్థాయి), టెనర్ (నడిమి స్థాయి), బాస్ (కింది స్థాయి) మూడు రకాల మగ గొంతులు. రకానికి ఇద్దరైనా లేకపోతే ఒకడికి జలుబు చేసిన రోజున ఆ వరుసే మాయమవుతుంది. రెండు మూళ్ళు ఆరు, రెండు ఆర్లు పన్నెండు. హెరిఫర్డ్ ఈస్టర్‌ను చూసినవాడు వేసిన లెక్క ఇది. రాసిన తీరు మాత్రం ఎదుటివాళ్ళను ఒప్పించేది కాదు. ఎవరి చేతిలో తాళాలున్నాయో వాళ్ళనే మూర్ఖులంటే తలుపు తెరుచుకోదు. 1854లో కథీడ్రళ్ళ స్థితిని విచారించే కమిషనర్ల ప్రశ్నలకు జవాబంటూ ఇంకో పుస్తకం వేశాడు. చెవిటివాడి ముందు శంఖమే అయింది.

అవతలి పక్షానిదీ వినాలి. 1849లోనే వెస్లీ వించెస్టర్ కథీడ్రల్‌కు మారాడు, అక్కడ పదహారేళ్ళున్నాడు. ఆరాధనలకు రావడం లేదని, కొయిర్ పిల్లల శిక్షణ గాలికి వదిలేశాడని చాప్టర్ పదేపదే మందలించింది. ఆ మాట అబద్ధం కాదు. ఆర్గాన్ బెంచీ మీద శిష్యుణ్ణి కూర్చోబెట్టి తాను గాలం పుచ్చుకుని ఏటివైపు నడిచిన రోజులు తక్కువేం కావు. కథీడ్రళ్ళు శ్రద్ధగా పనిచేయాలని పుస్తకం రాసినవాడి సొంత హాజరు పట్టీ ఇలా ఉంది. ఆయన్ను అమరవీరుడిగా చిత్రించే అభిమానులు ఈ సంగతి దగ్గర గొంతు తగ్గిస్తారు. తగ్గించనక్కర్లేదు. విసుగెత్తిన ఉద్యోగి ఎలా ఉంటాడో వెస్లీ సరిగ్గా అలాగే ఉన్నాడు.

వించెస్టర్‌లో ఒక మేలు మాత్రం జరిగింది. 1851లో లండన్ మహా ప్రదర్శనలో హెన్రీ విల్లిస్ అనే యువకుడు తయారుచేసిన భారీ ఆర్గాన్ పెట్టారు. దాన్ని కొనమని వెస్లీ చాప్టర్‌కు సిఫారసు చేశాడు. కాస్త కుదించి 1854లో కథీడ్రల్‌లో నిలబెట్టారు. వెస్లీకీ విల్లిస్‌కీ కుదిరిన స్నేహం వల్ల ఆర్గాన్ వాయించేవాళ్ళ కాళ్ళకు సుఖం వచ్చింది. పాదాలతో నొక్కే మెట్లు అంతకుముందు నేలకు సమంగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉండేవి. అంచుల్లోని మెట్టు అందాలంటే మనిషి బెంచీ మీద జరగాల్సిందే. వీళ్ళిద్దరూ కలిసి రెండు అంచులూ పైకి లేచేలా, మెట్లు విసనకర్ర పుల్లల్లా విచ్చుకునేలా ఏర్పాటు చేశారు. బెంచీ మీద కూర్చుని కాలు పక్కకు చాపితే పాదం గుండ్రంగా పైకి లేస్తుంది కదా, మెట్లూ ఆ దారినే అమరుతాయి. ఇంగ్లండ్, అమెరికా ఆర్గాన్లలో ఇప్పుడు సాధారణంగా కనిపించేది ఈ అమరికే. ఆయన పాటలు ఎన్నడూ వినని ఆర్గనిస్టుల పాదాల కింద కూడా ఆయన ఆలోచన ఉంది.

శ్రుతి విషయంలో మాత్రం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. లివర్‌పూల్‌లోని సెయింట్ జార్జ్ హాల్‌కు విల్లిస్ నూరు స్టాప్‌ల (రకరకాల నాదాలను ఎంచుకునే మీటల) ఆర్గాన్ కట్టాడు, సలహాదారు వెస్లీ. 1855లో ప్రారంభ కచేరీ చేసిందీ వెస్లీయే. అప్పటికే కొత్త ఆర్గాన్లు, పియానోలు సమశ్రుతి వైపు మళ్ళుతున్నాయి. అంటే పన్నెండు స్వరాల మధ్య దూరం అన్నిటికీ సమానం, ఏ ఆధారశ్రుతిలో వాయించినా ఒకే రుచి. పాత అసమశ్రుతిలో వాడుకలో ఉన్న కొన్ని శ్రుతులు తేనెలా తియ్యగా పలుకుతాయి, దూరపు శ్రుతులకు పోతే ఊళ వేస్తాయి. ఆ ఊళకు ఆర్గాన్ పనివాళ్ళు పెట్టిన పేరే ‘తోడేలు’. వెస్లీ ఆ పాత పద్ధతే కావాలని మొండికేసి సాధించుకున్నాడు. 1867లో దాన్ని సమశ్రుతికి మార్చేశారు.

విచిత్రం ఏమిటంటే తన సొంత పాటల్లో దూరపు శ్రుతులకు దూకడంలో అప్పటి ఇంగ్లిష్ స్వరకర్తల్లో వెస్లీని మించినవాడు లేడు. అంటే తాను రాసిన పాటలే తాను కోరిన ఆర్గాన్ మీద తోడేలు నోట్లో పడతాయి. దీన్ని ఉట్టి చాదస్తమని కొట్టిపారేయవచ్చు. కానీ శుద్ధమైన గాంధారం ఒకసారి చెవికి అలవాటైతే సమశ్రుతి గాంధారం కాస్త ఎక్కువ పలికి గీసుకున్నట్టు ఉంటుంది. హార్మోనియం మీద మన దగ్గర జరిగిన గొడవలోనూ ఈ సమశ్రుతిది ఒక పాత్ర. 1940లో ఆకాశవాణి ఆ వాయిద్యాన్ని పక్కన పెట్టి మూడు దశాబ్దాలు రానివ్వలేదు. కాబట్టి వెస్లీ చెవిని తప్పుపట్టడానికి తెలుగు పాఠకుడు రెండుసార్లు ఆలోచిస్తాడు.

1865లో గ్లస్టర్ కథీడ్రల్ కొత్త ఆర్గనిస్టును ఎంపిక చేయడానికి సలహా అడిగితే, వెస్లీ ఆ ఉద్యోగం తానే తీసుకుంటానన్నాడు. ఇచ్చారు. అదే ఆఖరి మజిలీ. అక్కడ మూడు కథీడ్రళ్ళ కొయిర్లు కలిసి జరిపే ఉత్సవానికి తన వంతు వచ్చినప్పుడల్లా సారథ్యం వహించాడు. 1871లో బాఖ్ ‘సెయింట్ మాథ్యూ ప్యాషన్’ వినిపించాడు. తండ్రి మొదలుపెట్టిన పనిని కొడుకు ఓ మెట్టు ముందుకు తీసుకెళ్ళాడు. కొత్త రచనలు మాత్రం పలచబడ్డాయి. వెస్లీ పేరు నిలబెట్టిన ఆంథెంలు దాదాపు అన్నీ 1853లో అచ్చైన పన్నెండింటి సంపుటంలోనే ఉన్నాయి. వించెస్టర్ తొలినాళ్ళ ‘దౌ విల్ట్ కీప్ హిమ్’ కూడా అందులోదే. పోట్లాట మనిషి నుంచి అంత నెమ్మదైన పాట ఎలా వచ్చిందా అనిపిస్తుంది. ‘ఎవనిమనస్సు నీమీద ఆనుకొనునో వానిని నీవు పూర్ణశాంతిగలవానిగా కాపాడుదువు’ అన్న మాట మొదట్లో వచ్చి, చివర్లో మళ్ళీ వచ్చి, మెల్లగా ఆగిపోతుంది.

ప్రపంచమంతా వెస్లీని పాడుతున్నది మాత్రం ఈ ఆంథెంల వల్ల కాదు, ఒక చిన్న వరుస వల్ల. 1864లో ‘జెరూసలేం ద గోల్డెన్’ అన్న కీర్తనకు వరుస కట్టి దానికి ‘ఆరీలియా’ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో బంగారానికి ఉన్న పేరులోంచి వచ్చిందది. రెండేళ్ళకు శామ్యూల్ జాన్ స్టోన్ అనే పాదిరీ ‘ద చర్చెస్ వన్ ఫౌండేషన్’ అనే కీర్తన రాశాడు. దక్షిణాఫ్రికాలో నాటల్ బిషప్ కొలెన్సో రాతల మీద చర్చి రెండుగా చీలిపోతున్న సమయం అది. 1868లో ఒక కీర్తనల సంపుటి ఆ మాటలను ఈ వరుసకు జతచేసింది. ఇక విడిపోలేదు. కొందరు పండితులు ఆ వరుసను చవకబారుదన్నారు. పాడేవాళ్ళు వినలేదు. ఆంగ్లికన్లు (ఇంగ్లండ్ చర్చివాళ్ళు), మెథడిస్టులు, ఇంకొందరు కలిసి 1947లో దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాక, వెస్లియన్ మిషన్ చర్చిలూ అందులో కలిశాయి. తాతల నాటి మెథడిజమూ, మనవడు కొలువు చేసిన ఆంగ్లికన్ చర్చీ ఇంగ్లండ్‌లో కలవలేదు గానీ మెదక్‌లో ఒకే కప్పు కిందికి వచ్చాయి.

1872లో ‘ద యూరోపియన్ సామిస్ట్’ అనే పెద్ద కీర్తన సంపుటి తెచ్చాడు. ఏడువందలకు పైగా వరుసలు, వంద పైచిలుకు తనవే. ఏళ్ళ తరబడి చందాలు పోగుచేసి చేసిన పని. అచ్చయ్యేసరికి జనం వేరే సంపుటులకు అలవాటుపడిపోయారు. మరుసటేడు ప్రధాని గ్లాడ్‌స్టన్ కబురు పెట్టాడు: సర్ బిరుదు కావాలా, ఏడాదికి 100 పౌండ్ల పింఛను కావాలా? వెస్లీ పింఛను తీసుకున్నాడు. ఆర్గనిస్టుకు 500 పౌండ్లు ఇవ్వాలని అచ్చువేసిన మనిషికి ఇరవై నాలుగేళ్ళ తర్వాత ప్రభుత్వం నుంచి దక్కింది అందులో అయిదో వంతు.

1875 క్రిస్మస్ రోజున గ్లస్టర్‌లో ఆఖరిసారి ఆర్గాన్ ముందు కూర్చున్నాడు. 1876 ఏప్రిల్ 19న పోయాడు. అయిదు కొలువుల్లో ఏ చర్చి ప్రాంగణంలోనూ సమాధి అడగలేదు. ఎక్సెటర్‌లోని పాత శ్మశానంలో, ముప్ఫై ఆరేళ్ళ కిందట పోయిన పసికూతురి పక్కన పూడ్చారు.